కొననివాడు కూర్చునే చోటు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభికులకు నమస్కారం. సన్మానాలకే చాలా సమయం గడిచిపోయింది కనుక నా వంతు మర్యాదలను ఈ వాక్యంతో ముగిస్తున్నాను.

1992 నుంచి ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుగుతోంది. ఈ రోజున వేదికల మీద ఒత్తిడి గురించి, నిద్రలేమి గురించి, పరీక్షల భయం గురించి ధారాళంగా మాట్లాడుకుంటాం. లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు నిజమనిపించే తీవ్ర మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియా పేరు రాగానే మాట తడబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి అంచనా ప్రకారం ఆ జబ్బు ఉన్నవారు దాదాపు 2 కోట్ల 40 లక్షల మంది, అంటే సుమారు 300 మందికి ఒకరు. కాబట్టి ఈ సభలో వారి తాలూకు వారు లేరని నేను అనుకోను. నేనే ఒకణ్ణి.

సామాజిక వెలి గురించి ప్రభుత్వాలు లెక్కలు వేయడం కొత్తేమీ కాదు. 1974లో ఫ్రాన్స్ ప్రభుత్వంలో పనిచేసిన రెనే లెన్వార్ సమాజం బయట మిగిలిపోయినవారిని గుర్తించినప్పుడు, అందులో పేదలతో పాటు వికలాంగులను, మానసిక రోగులను కూడా చేర్చారు. బ్రిటన్ 1997లో ఈ పనికే ఒక ప్రత్యేక విభాగాన్ని పెట్టుకుంది. దీర్ఘకాలిక మానసిక సమస్యలున్నవారిలో ఉద్యోగం చేస్తున్నవారు నాలుగో వంతుకు లోపేనని ఆ విభాగం 2004లో నివేదించింది. ఉద్యోగం ముఖ్యమే, కాదనను. అయితే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి ఉద్యోగం దొరికేలోపు గడవవలసిన పగళ్లు చాలా ఉంటాయి. డాక్టరు దగ్గరకు వెళ్లేది నెలకొకసారి. తక్కిన రోజుల్లో ఇంట్లోవాళ్లు పనులకు పోయాక అతను ఎక్కడికి వెళ్లాలి? జనం ఉన్నచోటికి, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న అంగళ్ల వీధికి.

ఆ వీధి ఇప్పుడు చాలాచోట్ల వీధి కాదు. నేల ఒక కంపెనీది, పైన కప్పు ఉంటుంది, ద్వారం దగ్గర కాపలా ఉంటుంది. వీధిలో నిలబడటానికి పౌరుడికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇక్కడ మాత్రం యజమాని ఇష్టం. బ్రిటన్‌లోని కెంట్‌లో ఒక పెద్ద షాపింగ్ కేంద్రం 2005లో తలను కప్పే టోపీ ఉన్న చొక్కాలనే నిషేధించింది. 2012లో లండన్‌లోని కామ్డెన్‌లో పెట్టిన కాంక్రీటు బెంచీ మీద కాసేపు కూర్చోవచ్చు కానీ నడుం వాల్చడం కుదరదు, ఎందుకంటే దాని పైభాగాన్ని కావాలనే ఏటవాలుగా చేశారు. ఇదంతా నిలువ నీడ లేనివారినీ, కుర్రకారునూ దృష్టిలో పెట్టుకుని చేసినదని అంటారు. కొననివాళ్లందరికీ అదే దెబ్బ తగులుతుందన్నది నా వాదన, ఆ దెబ్బ అందరికంటే గట్టిగా తగిలేది తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారికి.

ఇక్కడ మా చిన్నాన్న సంగతి చెప్పాలి. రెండు నిమిషాలు చాలని నిర్వాహకులకు మాటిచ్చాను, అంతకంటే ఎక్కువే పడుతుంది, మన్నించండి. ఆయనకు స్కిజోఫ్రీనియా. మందులు వేళ తప్పకుండా వేసుకుంటారు. ఆ మందుల వల్ల కాళ్లు కుదురుగా ఉండవు. లోపల ఏదో తోస్తున్నట్టుండి నిలబడలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతారు. డాక్టర్లు దాన్ని అకతీసియా అంటారు. ఒక దుకాణంలో సబ్బుల వరుస ముందు ఆయన అలా నాలుగుసార్లు తిరిగేసరికి కాపలావాడు ఆయన వెనకాలే నడవడం మొదలుపెట్టాడు. బిల్లు దగ్గర చేతులు వణికి చిల్లర లెక్కపెట్టడం ఆలస్యమైంది. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఆయన భుజం మీదుగా వెనకనున్నవారిని ‘‘మీరు రండి’’ అని పిలిచింది. చిన్నాన్న సబ్బును తీసుకెళ్లి ఎక్కడ తీశారో అక్కడే, చీటీ కనపడేటట్టు తిప్పి పెట్టి బయటికొచ్చారు. బయటి బెంచీ మీద కూర్చోగానే అదే కాపలా వచ్చి లేవమన్నాడు.

గమనించండి. ఆ దుకాణంలో వాళ్లు భయపడింది జబ్బును చూసి కాదు, జబ్బుకు వైద్యం జరుగుతోందన్న ఆనవాళ్లను చూసి. మందు మానేస్తే కాళ్లు కుదురుకోవచ్చు, మనసు కుదురు తప్పుతుంది. మానసిక వ్యాధికే ఇచ్చే మరో మందు లిథియం వాడేవారి సంగతి చూడండి: దాహం ఎక్కువ, మూత్రానికి మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది. అలాంటి మనిషికి ‘‘మరుగుదొడ్డి కస్టమర్లకు మాత్రమే’’ అన్న బోర్డు ఎదురైతే అతను ఆ బజారుకే రావడం మానేస్తాడు. ఇంట్లో కూర్చున్నవాణ్ణి చూసి మనమేమో, ‘‘నలుగురిలో కలవడం లేదు, జబ్బు లక్షణం’’ అని తేల్చేస్తాం!

వ్యాపారులకు భయం ఉంటుందని నాకు తెలుసు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. హింసకు గురయ్యే ప్రమాదమే వారికి ఎక్కువ. ఈ మాట డాక్టర్లు వేలసార్లు చెప్పారు. భయం ఉపన్యాసాలతో పోదు, ఈ ఉపన్యాసంతోనూ పోదు. పక్కపక్కన పనిచేస్తే, పక్కపక్కన కూర్చుంటే కొంత పోతుంది.

ఇటలీలోని త్రియెస్తేలో జరిగినది అదే. మానసిక వైద్యుడు ఫ్రాంకో బసాలియా 1971లో అక్కడి మానసిక వైద్యశాల బాధ్యత తీసుకున్నప్పుడు లోపల సుమారు 1,200 మంది ఉన్నారు. ఊడ్చే పని, కడిగే పని రోగులే కూలి లేకుండా చేసేవారు. వారితో సహకార సంఘం పెట్టించి జీతాలు ఇప్పించారు. 1973లో అందరూ కలిసి కొయ్యతో, కాగితపు గుజ్జుతో ఒక పెద్ద నీలి గుర్రాన్ని చేస్తే అది గేటులో పట్టలేదు, దారిని పగలగొట్టి ఊరేగింపుగా ఊళ్లోకి తీసుకెళ్లారు. 1978లో ఇటలీ మానసిక వైద్యశాలలను క్రమంగా మూసివేసేందుకు 180వ నంబరు చట్టం చేసింది. అందరూ గుర్రం గురించే చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఆ జీతం. చేతిలో సొంత డబ్బున్న మనిషి దుకాణంలోకి మరోలా నడిచి వెళతాడు. తర్వాత ఆ ఆసుపత్రి ఆవరణలోనే సహకార సంఘం ఆధ్వర్యంలో భోజనశాల వెలిసింది. ఊరివాళ్లే అక్కడికి వస్తారు.

అంత పెద్ద పని ఎక్కడ చేయగలం అంటారా? నెదర్లాండ్స్‌లో యుంబో అనే సూపర్‌మార్కెట్ 2019లో తొందర లేనివారి కోసం కబుర్ల కౌంటరు ఒకటి తెరిచింది. ఒంటరి వృద్ధులను ఉద్దేశించి పెట్టిందే అయినా, వణికే చేతులతో చిల్లర లెక్కపెట్టుకునే ఎవరికైనా అది పనికొస్తుంది. దానికి చట్టం అక్కరలేదు, గోడలు పగలగొట్టనక్కరలేదు.

ఇక చర్చ మొదలవుతుంది. రెండో వరుసలో వర్తక సంఘం ప్రతినిధులు ఉన్నారు, వారిని దయచేసి వెళ్లిపోవద్దని కోరుతున్నాను. మొదటి ప్రశ్న నాది. మీ సముదాయాల్లో ఏమీ కొనని మనిషి గంటసేపు కూర్చోగల బెంచీలు ఎన్ని ఉన్నాయి? తీసేసినవి ఉంటే, ఎవరి ఫిర్యాదు మీద తీసేశారు?