బ్రైటన్ వెళ్తే బీచ్ ఒక్కటే చూసి వచ్చేయకండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న బ్రైటన్ అనే ఊరికి వచ్చాం. లండన్ విక్టోరియాలో ట్రైన్ ఎక్కితే ఇంచుమించు గంట. మా ఆయన, బాబు, ఈ మధ్యే చదువుకోడానికి వచ్చిన మా మరిది, నేను.

ముందే చెప్తున్నా, వైజాగ్ బీచ్‌ని ఊహించుకుని రాకండి. ఇక్కడ అంతా గులకరాళ్లే. చెప్పులు విప్పి రెండడుగులు వేస్తే "అమ్మో" అనాల్సిందే. మా వాడు మాత్రం నీళ్లలోకి రాళ్లు విసురుతూ మమ్మల్ని మర్చిపోయాడు. పులిహోర డబ్బా తెరిచే ముందు ఒకసారి పైకి చూడండి, ఇక్కడి సీగల్స్‌కి మొహమాటం లేదు!

అదిగో, సముద్రంలోకి వంతెనలా కట్టింది, అది ప్యాలెస్ పియర్, 1899 నాటిది. చివరిదాకా రైడ్లు, గేమ్స్, డోనట్ల వాసన. పడమటి వైపు సముద్రంలో తుప్పుపట్టిన ఇనుప చట్రం కనిపిస్తోందా? అది వెస్ట్ పియర్. 1975లో మూసేశారు, 2003లో తగలబడింది. నాకైతే ఆ లైట్ల పియర్ కంటే ఈ మొండి చట్రమే నచ్చింది. ఒడ్డు వెంట వెళ్తున్న ఈ బుల్లి రైలు వోక్స్ రైల్వే, 1883 నుంచీ కరెంటు మీదే నడుస్తోంది.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బీచ్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే రాయల్ పెవిలియన్ అనే రాజభవనం. బయట ఉల్లిపాయ గుమ్మటాలు, మినార్లు చూసి "వదినా, మనం ఇండియాలోనే ఉన్నామా?" అన్నాడు మా మరిది. తర్వాత నాలుగో జార్జ్ పేరుతో రాజైన యువరాజు తన విలాసాల కోసం జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్‌తో ఇలా మార్పించుకున్నాడు. పని 1815లో మొదలైంది. లోపలికెళ్తే మళ్లీ అంతా చైనా అలంకరణే! విందు గదిలో షాండ్లియర్‌ని ఒక డ్రాగన్ పట్టుకుని వేలాడుతుంటుంది. విక్టోరియా రాణికి ఈ ఇల్లు నచ్చలేదు. 1850లో ఊరివాళ్లే కొనుక్కున్నారు.

ఇక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ మన సైనికులకి ఆసుపత్రి పెట్టారని వచ్చేముందు చదివాను. అయినా ఇక్కడ పెట్టిన అప్పటి ఫోటోలు చూస్తుంటే గొంతు పట్టేసింది. 1914 డిసెంబర్ నుంచి 1916 జనవరి దాకా, ఆ షాండ్లియర్ల కిందే మంచాలు వేశారు. పక్కనున్న డోమ్ ఒకప్పుడు యువరాజు గుర్రపుశాల, అదీ వార్డే. హిందువులకీ ముస్లింలకీ వేరువేరు నీళ్ల కుళాయిలు, మతాన్నీ కులాన్నీ బట్టి తొమ్మిది వంటశాలలు! అంత శ్రద్ధ ప్రేమ కొద్దీ మాత్రమే అని నేననుకోను. ఈ ఫోటోలతో పుస్తకం అచ్చేసి ఇండియాకి పంపారట. మన కుర్రాళ్లు ఇంకా సైన్యంలో చేరాలి కదా మరి.

బెల్జియంలోని ఈప్ర దగ్గర గ్యాస్ దాడిలో తోటివాళ్లని కాపాడిన జమేదార్ మీర్ దస్త్‌కి 1915లో ఈ పచ్చికలోనే రాజు ఐదో జార్జ్ బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చాడు. దక్షిణం వైపున్న గేటు ఇండియా ఇచ్చిన కానుక, 1921లో పటియాలా మహారాజు ఆవిష్కరించాడు. జనం దాని కింద ఐస్‌క్రీం తింటూ నడిచిపోతుంటారు.

ఇక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోట ఛత్రి అనే తెల్ల పాలరాతి మండపం ఉంది. కారు దాని దాకా వెళ్లదు, గడ్డి మైదానాల్లో చాలా దూరం నడవాలి. స్ట్రోలర్‌తో కష్టమని ఈసారి వదిలేశాం. మీరు వెళ్తే షూస్ వేసుకోండి.

ఇక నైట్‌లైఫ్! సముద్రం రోడ్డు కింద తోరణాల్లాంటి గదులున్నాయి, చాలావాటిలో బార్లు, క్లబ్బులే. పొద్దు వాలగానే, పెళ్లికి ముందు పార్టీ చేసుకోడానికి వచ్చిన పెళ్లికూతురి ఫ్రెండ్స్ భుజం మీదుగా గులాబీరంగు పట్టీలు వేసుకుని గుంపులుగా దిగిపోయారు. బాబు నిద్రకి టైమైందని నేనంటే, "ఇప్పుడేగా మొదలైంది వదినా!" అని మా మరిది దీనంగా మొహం పెట్టాడు. ఐడీ జేబులో ఉందో లేదో చూసి, లాస్ట్ ట్రైన్ టైం చెప్పి వదిలేశాం. లోపలి వీడియో వాడే తీస్తానన్నాడు. తీస్తే పెడతా, చూద్దాం!