అద్దె పెరిగితే సాయమూ పెరగాలి

అందరికీ నమస్కారం. పని ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు చాలామంది కనబడుతున్నారు, కాబట్టి అసలు విషయానికే వచ్చేస్తాను.

అద్దె సాయం దరఖాస్తులు నింపిపెట్టే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఈమధ్య ఒకావిడ తన ఖర్చుల నోట్‌బుక్ కూడా వెంట తెచ్చుకుంది. అద్దె అని రాసిన చోట పాత అంకె కొట్టేసి ఉంది, పక్కన రాసిన కొత్త అంకె కూడా కొట్టేసి ఉంది, ఇక చోటు లేక మూడోది పైన ఇరికించి రాసింది. కింద మందులు అని ఉంది గానీ ఎదురుగా ఏమీ లేదు. అదేంటమ్మా అంటే, "అద్దె కట్టాక మిగిలితే రాస్తానండీ" అంది. ఇంతా చేస్తే ఆవిడకు సాయం అందడం లేదా అంటే, అందుతోంది! కాకపోతే మంజూరైన రోజు ఎంతో ఇప్పుడూ అంతే, అద్దె మాత్రం ఈలోగా రెండుసార్లు పెరిగింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అద్దెతో పాటు కదలని సాయం ఏటేటా తరిగిపోతుంది, ఎవరూ కోత పెట్టకుండానే. బ్రిటన్‌నే చూడండి. అక్కడ ప్రైవేటు ఇళ్లలో అద్దెకుండే పేదలకు ఇచ్చే సాయానికి ఒక పరిమితి ఉంది, 2011 నుంచి దాన్ని ఆ ప్రాంతంలోని అద్దెల్లో కింది 30 శాతం ఇళ్లు అందుబాటులో ఉండేలా లెక్కగడుతున్నారు. లెక్క బాగానే ఉంది. కానీ 2016 నుంచి నాలుగేళ్లు ఆ పరిమితిని కదలనివ్వలేదు, 2020లో ఒకసారి పెంచి మళ్లీ 2024 ఏప్రిల్ దాకా అక్కడే ఆపేశారు, ఆ మధ్యకాలంలో పెరిగిన అద్దెంతా అద్దెకున్నవాళ్ల జేబులోంచే పోయింది. జర్మనీలో వోన్‌గెల్డ్ అనే సాయం ఉంది, దాన్ని రెండేళ్లకోసారి అద్దెలను, ధరలను బట్టి సవరించాలని చట్టంలోనే రాసుకున్నారు. ఎవరి దయా అక్కర్లేకుండా దానంతటదే జరగాలి, నాకు నచ్చింది అదే.

అమెరికాలో 1974 నాటి చట్టంతో మొదలైన సెక్షన్ 8 అనే అద్దె సాయం పథకంలో అద్దెకున్న కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడుతుంది, మిగతాది ఒక పరిమితి దాకా ప్రభుత్వమే ఇంటి యజమానికి ఇస్తుంది. పద్ధతి మంచిదే గానీ అక్కడ ప్రభుత్వ అద్దె సాయం అందేది అర్హులైన ప్రతి నలుగురిలో ఒకరికే, మిగతావాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు. అర్హత ఉండీ చేతికి రాకపోతే ఏం లాభం చెప్పండి?

సాయం పెంచితే యజమానులు అద్దె పెంచేస్తారు కదా అని అడుగుతారు. నిజమే, జరుగుతుంది. ఫ్రాన్స్‌లో 1990లలో సాయం పరిధి పెంచినప్పుడు అందులో పెద్ద భాగం అద్దెల పెంపుకే పోయిందని పరిశోధకులు తేల్చారు. దానికి మందు ఇళ్ల సంఖ్య పెంచడం, సాయం ఆపడం కాదు. వియన్నాలో ఒక్క నగరపాలక సంస్థకే దాదాపు 2,20,000 ఫ్లాట్లున్నాయి. అయితే ఇళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది, నోట్‌బుక్ ఆవిడ అద్దె కట్టాల్సింది ఒకటో తారీఖున.

ఇంకొక్క మాట, కాగితాల గురించి. అద్దె చేతికిస్తే రసీదు ఇచ్చే యజమానులు ఎంతమంది? మరీ చిన్న గదుల్లో ఉండేవాళ్లకు అగ్రిమెంటే ఉండదు, తీరా సాయం అందరికంటే ఎక్కువ అవసరమైంది వాళ్లకే. కోవిడ్ సమయంలో అమెరికా అద్దె సాయానికి దాదాపు 4,600 కోట్ల డాలర్లు కేటాయించింది, మొదట్లో కాగితాల దగ్గరే చాలాచోట్ల పని నత్తనడకన సాగింది. తర్వాత 2021లో, ఆధారాలు చూపలేనివాళ్లు తామే రాసి సంతకం పెట్టినా ఒప్పుకోవచ్చని స్పష్టంగా చెప్పారు. ఆపదలో చేయగలిగింది మామూలు రోజుల్లో ఎందుకు చేయకూడదు?

అందుకే మన వినతిపత్రంలో రెండే కోరికలు పెట్టాం. సాయం ఏటా అద్దెలను బట్టి మారాలి, రసీదు లేదని ఎవరి దరఖాస్తూ వెనక్కి పంపకూడదు. కాగితం ఆ బల్ల మీద ఉంది, చదివి సంతకం పెట్టండి. దరఖాస్తు ఆగిపోయినవాళ్లు ఉంటే వెళ్లిపోకండి, కూర్చుని ఇప్పుడే చూద్దాం.