పెన్‌డ్రైవ్‌లో బ్లాక్ ఎంత? డ్రైవర్ రాసేవాళ్లు 512 అని ఊహించుకోవద్దు

[తెర మీద: ఎడిటర్‌లో సీ కోడ్. "బ్లాక్ సైజ్ 512" అన్న లైను చుట్టూ ఎర్ర గీత]

నమస్తే, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. మా వైపు ఇంజినీరింగ్ పిల్లలకు ఇష్టమైన ప్రాజెక్టు ఒకటుంది. బోరు మోటారు ఎంతసేపు తిరిగింది, డ్రిప్‌కు ఎన్ని నీళ్లు పోయినాయి అన్నది ఒక చిన్న బోర్డు లెక్కగట్టి పెన్‌డ్రైవ్‌లో రాసిపెడుతుంది. యూఎస్‌బీ డ్రైవర్, అంటే పెన్‌డ్రైవ్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, సొంతంగా రాసుకునేవాళ్లు చాలా సులభంగా పెట్టేసే లైను ఈ "బ్లాక్ సైజ్ 512", అంటే బ్లాక్‌కు 512 బైట్లని. మామూలు పెన్‌డ్రైవ్‌తో ఏ ఇబ్బందీ రాదు. వేరే రకం డిస్క్ తగిలించిన రోజు మాత్రం డేటా గల్లంతవుతుంది.

[కెమెరా వెనక నుంచి గొంతు: "అనా, పెన్‌డ్రైవ్ అంటే 512 కాదా మరి?"]

చాలావాటికి అంతేనప్పా. కానీ అది డివైజ్ చెప్పాల్సిన మాట, మనం ఊహించేది కాదు. మార్కెట్ యార్డులో "వంద మూటల శెనక్కాయలు" అంటే మూటకు ఎన్ని కేజీలో తెలియకుండా ధర కట్టగలమా? డిస్క్ కూడా మనతో మూటల్లోనే మాట్లాడుతుంది. ఆ మూటే బ్లాక్, డిస్క్ చదివేది, రాసేది ఆ లెక్కనే.

[తెర మీద: ఎనిమిది బైట్లు, గళ్లలో]

అడిగే పద్ధతి ఇది. డిస్క్‌లతో మాట్లాడే కమాండ్ల భాషను స్కజీ అంటారు. అందులో రీడ్ కెపాసిటీ 10 అనే కమాండ్ పంపాలి, దాని ఆప్‌కోడ్, అంటే కమాండ్ నంబరు, హెక్స్‌లో 25. జవాబుగా ఎనిమిది బైట్లు వస్తాయి. మొదటి నాలుగూ చివరి బ్లాక్ నంబరు, తర్వాతి నాలుగూ బ్లాక్ సైజు. మొదటిది చివరి నంబరే గానీ మొత్తం లెక్క కాదు, కాబట్టి ఒకటి కలపాలి. కొన్ని నాసిరకం డివైజ్‌లు చివరి నంబరుకు బదులు మొత్తాన్నే ఇచ్చేస్తాయి. వాటిని సరిదిద్దడానికి లినక్స్‌లో ప్రత్యేకంగా ఒక ఫ్లాగే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం, చాలామంది పడే గుంత ఇదే. సైజు బైట్లు 00 00 02 00 అని వచ్చాయనుకోండి. పెద్ద బైటు ముందు, అంటే బిగ్ ఎండియన్‌లో చదివితే 512. మన మైక్రోకంట్రోలర్ చదివే తీరులో, అంటే లిటిల్ ఎండియన్‌లో తీసుకుంటే 1,31,072! పెన్‌డ్రైవ్‌లు మామూలుగా వాడే యూఎస్‌బీ బల్క్ ఓన్లీ పద్ధతిలో కమాండ్‌ను మోసుకెళ్లే 31 బైట్ల రేపర్ లిటిల్ ఎండియన్. దాని లోపల కూర్చున్న స్కజీ కమాండ్ బిగ్ ఎండియన్. ఒకే ప్యాకెట్‌లో రెండు సంప్రదాయాలు. ఎవరి పుణ్యమో గానీ, డ్రైవర్ రాసేవాడికి తలనొప్పి మాత్రం ఖాయం.

ఈ రెంటికీ కొలత కూడా వేరే. లోపలి రీడ్ 10 కమాండ్‌లో ఎన్ని బ్లాకులు కావాలో రాస్తాం. బయటి రేపర్‌లో ఎన్ని బైట్లు వస్తాయో రాస్తాం. బ్లాక్ 4096 అయిన డిస్క్‌ను ఎనిమిది బ్లాకులు అడిగి, పాత అలవాటులో ఎనిమిది ఇంటూ 512 అని 4096 బైట్లు రాశామనుకోండి. డిస్క్ 32,768 బైట్లు పంపడానికి సిద్ధమవుతుంది. లెక్క కుదరదు. చివర్లో వచ్చే 13 బైట్ల స్టేటస్‌లో 2 రావచ్చు, అంటే ఫేజ్ ఎర్రర్, మనం చెప్పిన లెక్కా డిస్క్ లెక్కా కలవలేదని. అప్పుడు మాస్ స్టోరేజ్ రీసెట్ చేసి, రెండు బల్క్ ఎండ్‌పాయింట్ల, అంటే డేటా వచ్చే, పోయే దారుల, హాల్ట్ (ఆగిపోయిన స్థితి) కూడా తీసేయాలి. అంతకన్నా పెద్ద టెన్షన్, మీ బఫర్ 512కే కేటాయించి, వచ్చిన డేటాను చెక్ లేకుండా అందులో నింపితే పక్క మెమరీ పాడవుతుంది.

[కెమెరా వెనక నుంచి: "యూఎస్‌బీ ప్యాకెట్ కూడా 512 అంటారు కదనా?"]

మంచిగా అడిగినావు. హై స్పీడ్‌లో బల్క్ ప్యాకెట్ గరిష్ఠ సైజు 512. ఫుల్ స్పీడ్‌లో అది 64, సూపర్ స్పీడ్‌లో 1024. డిస్క్ బ్లాక్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు, అంకె అక్కడ కలిసిందంతే. రెండింటికీ ఒకే కాన్‌స్టంట్ వాడితే వేరే స్పీడ్ డివైజ్ పెట్టగానే కోడ్ తిరగబడుతుంది.

[తెర మీద: పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ డబ్బా, విప్పి]

512 కానివి ఎక్కడుంటాయంటే, సీడీ డ్రైవ్‌లో 2048 ఉంటుంది. ఇక ఈ డబ్బాలు. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టే పట్టికే పార్టిషన్ టేబుల్. ఎంబీఆర్ అనే పాత రకంలో బ్లాక్ నంబరుకు 32 బిట్లే చోటు. 512 లెక్కన రెండు టెరాబైట్ల దగ్గర దారి మూసుకుపోతుంది. అందుకే కొన్ని డబ్బాల్లో డిస్క్‌కూ యూఎస్‌బీకీ మధ్య ఉండే బ్రిడ్జ్ చిప్, లోపల 512 డిస్కే ఉన్నా బయటికి 4096 అని చెబుతుంది. ఆ డిస్క్‌ను డబ్బాలోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే? పార్టిషన్ 256వ బ్లాక్‌లో మొదలని టేబుల్‌లో ఉంటుంది. డబ్బాలో అది 10,48,576వ బైటు, బయట 1,31,072వ బైటు. డేటా ఎక్కడికీ పోలేదు, వెతికే చోటే తప్పు. పెళ్లి వీడియోలు పోయాయని ఫార్మాట్ కొట్టకండి, అదే డబ్బాలో మళ్లీ పెట్టి చూడండి.

డ్రైవర్‌లో చేయాల్సింది పెద్దగా లేదు. వచ్చిన సైజు సున్నా అయితే దాంతో భాగించకండి. లినక్స్‌లో డిస్క్‌లను నడిపే ఎస్‌డీ డ్రైవర్ (ఎస్‌డీ కార్డు కాదు) అలాంటప్పుడు 512 అనుకుని ముందుకెళ్తుంది. మామూలుగా 512, 1024, 2048, 4096 ఒప్పుకుని, మిగతావాటికి తలుపు వేసేయడం మేలు. చివరి బ్లాక్ నంబరులో హెక్స్‌లో ఎనిమిది ఎఫ్‌లు వస్తే, నంబరు ఆ నాలుగు బైట్లలో పట్టనంత పెద్ద డిస్క్ అన్నమాట, అప్పుడు పెద్ద నంబర్లకు పనికొచ్చే రీడ్ కెపాసిటీ 16 పంపాలి. కార్డ్ రీడర్‌లో కార్డు మారితే యూనిట్ అటెన్షన్ అనే హెచ్చరిక వస్తుంది, మళ్లీ మొదటి నుంచి అడగాలి. లినక్స్ కెర్నల్‌లో సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే, యూఎస్‌బీ డిస్క్‌లకు దాన్ని డివైజ్ బ్లాకుల్లోకి మార్చే పని ఎస్‌డీ డ్రైవర్‌ది. మీ కోడ్‌లోనూ ఆ గుణకారం ఒక్క ఫంక్షన్‌లోనే ఉంచండి.

4096 డిస్క్ చేతిలో లేకపోతే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో (కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే నడిపిస్తుంది) యూఎస్‌బీ స్టోరేజ్ డివైజ్‌కు లాజికల్ బ్లాక్ సైజు 4096 ఇవ్వొచ్చు. ఒక ఫైలు రాయండి, వేరే సిస్టమ్‌లో చదివి చెక్‌సమ్, అంటే ఫైలు డేటా నుంచి కట్టిన సంఖ్య, పోల్చండి. తేడా వస్తే ముందు ఎండియన్ చూడండి, తర్వాత రేపర్‌లోని బైట్ల లెక్క.