అమృతాంజనం చేతులు మారిన కథ

శ్రోతలకు నమస్కారం.

తాత పెట్టిన వ్యాపారం మనవడి దాకా నిలబడాలంటే ఏం కావాలి? ఎవరిని అడిగినా కష్టం, నిజాయితీ, అన్నదమ్ముల ఐకమత్యం అంటారు. అవన్నీ కావాలి, కాదనను. అయితే ఆడిటర్‌గా ఎన్నో కొట్ల లెక్కలు చూస్తున్నవాణ్ణి కనక ఈ పూట మరో మాట చెప్తాను. పెద్దాయన ఉండగానే కాగితం రాయాలి. ఈ మాట మళ్ళీ మళ్ళీ అంటాను, కావాలనే అంటాను.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ మీలో చాలామంది ఇళ్ళలోనే ఉంటుంది. దేవుడి గూటి పక్కనో, అమ్మమ్మ తలగడ కిందో. చిన్న సీసా, పసుపుపచ్చటి మందు. మూత తీయగానే కర్పూరం ఘాటు ముక్కుకు తగులుతుంది. వేలికొసతో కాస్త తీసి కణతలకు రాసుకుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అదేనండీ, అమృతాంజనం.

దాన్ని తయారుచేసినది మన కృష్ణా జిల్లా మనిషి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. కలకత్తాలో మందుల వ్యాపారంలో పనిచేసి, అక్కడ ఆ పని నేర్చుకుని, తర్వాత బొంబాయి చేరారు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, ఎవరికీ తెలియదు. ఎలా అమ్మాలి? సంగీత కచేరీలు జరిగేచోట జనానికి ఉచితంగా పంచేవారట. రాసుకున్నవాడికి తలనొప్పి తగ్గింది. వాడు ఇంకొకడికి చెప్పాడు. అలా ఊరూరా పాకింది.

ఆ డబ్బుతో పంతులు గారు చేసిన పనులు చూడండి. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసు వచ్చి దాన్ని దినపత్రిక చేశారు. తర్వాత భారతి మాసపత్రిక, ఆంధ్ర గ్రంథమాల. ఆంధ్రోద్యమానికీ, స్వాతంత్ర్యోద్యమానికీ కూడా ఆ సీసా డబ్బే కదా ఆసరా అయింది! 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరే ఒడంబడికకు వచ్చింది. దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. అడిగినవాడికి లేదనని చేయి ఆయనది.

అంత దాత చేతిలో వ్యాపారం నిలబడడం మాటలు కాదు. నా మటుకు నాకు ఆయన చేసిన పనులన్నిటిలో గొప్పగా తోచేది, ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఒకటుంది. 1936లో అమృతాంజనాన్ని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ చేశారు. అంటే ఏమిటి? ఇక ఆ వ్యాపారం ఒక మనిషి ఊపిరి మీద ఆధారపడి లేదు. కంపెనీకి సొంత పేరుంది, సొంత లెక్కలున్నాయి, సొంత డబ్బుంది. యజమాని పోయినా కంపెనీ పోదు. 1938 ఏప్రిల్‌లో పంతులు గారు కన్నుమూశారు. రెండేళ్ళంటే రెండేళ్ళే తేడా. పెద్దాయన ఉండగానే కాగితం పూర్తయింది.

పగ్గాలు అందుకున్నది ఎవరనుకున్నారు? అల్లుడు. కూతురు కామాక్షమ్మ గారి భర్త, శివలెంక శంభుప్రసాద్ గారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఒకపక్క మందుల కంపెనీ, ఇంకోపక్క పత్రికలు. 1972లో పోయేదాకా ఆ రెంటినీ ఆయనే మోశారు. ఆ తర్వాత ఆయన కొడుకు రాధాకృష్ణ గారు. ఇప్పటి తరంలో కంపెనీ నడుపుతున్న వారి పేరు మళ్ళీ శంభుప్రసాదే.

ఆంధ్రపత్రిక, భారతి మాత్రం 1991లో ఆగిపోయాయి. తెలుగు చదివేవాడిగా నాకు అది ఇప్పటికీ బాధే. అయినా ఒక్క విషయం గమనించండి. పత్రిక ఆగినప్పుడు దానితోపాటు కంపెనీ మునిగిపోలేదు. దేని పద్దు దానిదిగా ఉండబట్టే కదా! ఆ తర్వాత రోల్ ఆన్ వచ్చింది, శానిటరీ నాప్‌కిన్లు వచ్చాయి. ముత్తాత ఊహించని సరుకులు ముత్తాత పెట్టిన పేరుతో అమ్ముడవుతున్నాయి.

సరే, మనవి అంత పెద్ద వ్యాపారాలు కావు. బజారులో స్టీలు సామాన్ల కొట్టు, ఎరువుల కొట్టు, ఊళ్ళో రైసు మిల్లు. మరి మనకు ఈ కాగితం సంగతి ఎందుకంటారా? మనకే ముఖ్యం.

నేను చూసిన ఒక కొట్టు సంగతి చెప్తాను. ఇద్దరు అన్నదమ్ములు, చెరి సగం వాటా. ఏనాడూ మాటా మాటా అనుకోలేదు. అన్న గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజు కూడా కాకముందే సరుకు ఇచ్చినవాళ్ళకు రాసిన చెక్కులు వెనక్కొచ్చాయి. బ్యాంకు వాళ్ళు ఖాతా ఆపేశారు. వదిన ఏడుస్తూనే సంతకాలకు తిరిగింది. తమ్ముడికి ఒకటే టెన్షన్. ఆ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. వాళ్ళ పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, రాయాల్సిన ఒక్క వాక్యం రాయలేదు, మూడో భాగస్వామినీ చేర్చుకోలేదు.

ఆ వాక్యం ఏమిటో చెప్తాను, వినండి. మన దేశంలో భాగస్వామ్య చట్టం 1932 నాటిది. అందులో 42వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఒక భాగస్వామి చనిపోగానే ఫర్మ్, అంటే ఆ భాగస్వామ్య సంస్థ, రద్దయినట్టే. ఎన్నేళ్ళ పాతదైనా సరే, ఎంత పేరున్నా సరే. కనక డీడ్‌లో ఇలా ఉండాలి: ‘భాగస్వాముల్లో ఎవరు మరణించినా ఫర్మ్ రద్దు కాదు, మిగిలిన భాగస్వాములు కొనసాగిస్తారు.’ పోయినవారి వాటా లెక్క ఎలా కట్టాలో, ఎన్నాళ్ళలో ఇవ్వాలో, లేదా వారసుల్లో ఎవరిని చేర్చుకోవాలో కూడా దాని కిందే రాసుకోవాలి.

ఇంకో మెలిక. ఆ అన్నదమ్ముల్లాగా భాగస్వాములు ఇద్దరే అయితే ఆ వాక్యం ఉన్నా చాలదు. ఒకరు పోతే మిగిలేది ఒక్కరే. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కదా. అందుకని మూడో మనిషిని ఇప్పుడే చేర్చండి. కొడుకు కావచ్చు, కోడలు కావచ్చు, పంతులు గారింట్లోలాగా కూతురో అల్లుడో కావచ్చు. కొట్లో కూర్చుని లెక్క చూసే అలవాటు ఎవరికుంటే వాళ్ళు.

కొట్టు ఒక్కరి పేరు మీదే ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జీఎస్టీ నంబరు మీ పాన్ మీద ఉంటుంది. మీ తర్వాత మీ పిల్లలు తమ పేరున కొత్త నంబరు తీసుకోవాలి. మీరుండగానే వాళ్ళను భాగస్వాములుగా తీసుకుంటే, ఆ మార్పుల పనులన్నీ దగ్గరుండి మీరే చేయించవచ్చు.

ఈ ఆదివారం బీరువా తీసి పాత డీడ్ బయటపెట్టండి. స్టాంపు కాగితాల అడుగున ఎక్కడో ఉంటుంది. చనిపోతే ఏం చేయాలో అందులో రాసి ఉందేమో చూడండి. లేకపోతే భాగస్వాములందరూ కలిసి మీ ఆడిటర్ దగ్గరికో లాయరు దగ్గరికో వెళ్ళండి. సవరణ డీడ్ రాయించుకోవడం పెద్ద పనేమీ కాదు. కొత్త భాగస్వామిని చేరిస్తే, మీ ఫర్మ్ రిజిస్టర్ అయి ఉన్నట్టయితే, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర కూడా ఆ మార్పు ఎక్కించండి. బ్యాంకులో ఒక కాపీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. పెద్దాయన ఉండగానే.

సెలవు.