28 శాతం మందికి చదవడం రాదా? పెద్దల స్కిల్స్ సర్వే నంబర్లను ఎలా చదవాలి

నమస్తే అండీ. మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. "అమెరికాలో పెద్దవాళ్లలో 28 శాతం మందికి చదవడమే రాదట" అని, కింద నాలుగు నవ్వు బొమ్మలు. ఆ 28 గాల్లోంచి పుట్టింది కాదు, నిజంగానే ఒక సర్వేలో ఉంది. చదవడం రాదు అని మాత్రం ఆ సర్వే ఎక్కడా అనలేదు. మరి ఆ నంబరు ఎలా పుట్టింది, ఆ డేటా మనమే తెరిచి చూడాలంటే ఎక్కడ కాలు జారుతుంది, ఇవాళ అదే చూద్దాం.

సర్వే పేరు పియాక్, పెద్దల స్కిల్స్ కొలిచే అంతర్జాతీయ సర్వే. నడిపేది ఓఈసీడీ, అంటే ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఒక అంతర్జాతీయ సంస్థ. మొదటి విడత 2011లో మొదలైంది, రెండో విడత 2022-23లో 31 దేశాల్లో జరిగింది, ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. 16 నుంచి 65 ఏళ్ల వాళ్లని పరీక్షిస్తారు. ఇండియా ఇందులో లేదు.

మనకి అలవాటైన లెక్క వేరు కదా. జనాభా లెక్కలవాళ్లు వస్తే ఇంట్లో ఎవరో ఒకరు గడపలో నిలబడి అందరి తరఫునా చెప్పేస్తారు, "మా అత్తగారికి చదవడం వచ్చండి, రాసేసుకోండి" అని. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన 67 శాతం అలా వచ్చిందే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు కాస్త నయం, పెద్దగా చదువుకోని వాళ్ల చేతికి ఒక కార్డు ఇచ్చి అందులో వాక్యం చదివిస్తారు, సగం చదివినా అక్షరాస్యుల్లోనే కలుపుతారు. ఎటు చూసినా జవాబులు రెండే. వచ్చు, రాదు.

పియాక్‌లో ఆ ప్రశ్నే ఉండదు. ట్యాబ్ చేతికిచ్చి పని చెప్తారు, చదవడం, లెక్కలు, ప్రాబ్లం సాల్వింగ్, ఈ మూడింట్లో. వాళ్లే బయటపెట్టిన ఒక నమూనా ప్రశ్న చూడండి. ఒక ప్రీస్కూల్ నోటీసు ఉంటుంది, పిల్లాడికి దుప్పటి పంపండి, నగలు వద్దు, చాక్లెట్లు వద్దు అని బోలెడు రూల్సు. వాటి మధ్య పది గంటలకల్లా తీసుకురండి అని ఒక లైను. పిల్లల్ని ఆలస్యంలో ఆలస్యంగా ఎప్పటికి తేవాలి? ఇది తేలిక ప్రశ్న. కష్టమైన వాటిలో పేజీలు ఎక్కువుంటాయి, ఒక పేజీలో ఉన్నది ఇంకో పేజీతో సరిపోదు, ఏది నమ్మాలో మనమే తేల్చుకోవాలి.

లెక్కల విషయానికి నేనే ఒకటి కల్పిస్తాను, వీడియో ఆపి చేసి చూడండి. 25 కేజీల బియ్యం బస్తా రెండు షాపుల్లోనూ 1,500 రూపాయలు. ఒకరు 10 శాతం తగ్గిస్తామన్నారు, ఇంకొకరు 3 కేజీలు ఊరికే ఇస్తామన్నారు. కేజీ ఎక్కడ చవక?

చేశారా? మొదటి షాపులో 1,350కి 25 కేజీలు, అంటే కేజీ 54. రెండో షాపులో 1,500కి 28 కేజీలు, కేజీ 53 రూపాయల 57 పైసలు. రెండోదే చవక. ఇంట్లో ఇద్దరే ఉంటే అన్ని కేజీలూ పురుగు పట్టకముందే తినగలరా అని మా అమ్మ అడుగుతుంది, అదీ సరైన ప్రశ్నే, కానీ దానికి మార్కులుండవు.

మూడోది ప్రాబ్లం సాల్వింగ్. పిల్లాణ్ని బడిలో దించి, సరుకులు కొని, టైముకి ఇంటికి చేరాలి, దారి గీయండి అంటారు. గీశాక ఫలానా రోడ్డు మూసేశారని చెప్తారు. పాత ప్లాన్ పట్టుకుని వేలాడతారా, మార్చుకుంటారా అన్నదే పరీక్ష.

స్కోరు 0 నుంచి 500. చదవడంలో 226 కంటే తక్కువ వస్తే "లెవెల్ 1 లేదా అంతకన్నా కింద". అమెరికాలో 2023లో 28 శాతం ఉన్నది ఇక్కడే, మొదటి విడతలోనే భాగంగా 2017లో చేసినప్పుడు 19 ఉండేది. లెక్కల్లో అయితే 29 నుంచి 34కి పెరిగింది. లెవెల్ 1 మనిషి చిన్న నోటీసు చదవగలడు, అందులోంచి కావలసిన ముక్క ఏరుకోగలడు. పొడుగాటి కాగితం ఇస్తేనే తికమకపడతాడు. లెవెల్ 1 కిందివాళ్లలో కూడా చిన్న చిన్న వాక్యాలు చదివేవాళ్లు ఉన్నారు. కాబట్టి మన ఫార్వర్డ్ అక్కడే తప్పు.

ఇప్పుడు డేటా చేతికి తీసుకునేవాళ్లకి. ఫైలు తెరవగానే పీవీలిట్1 నుంచి పీవీలిట్10 వరకు పది కాలమ్స్ కనిపిస్తాయి. ఇదేంటి, ఒక మనిషికి పది స్కోర్లా అని నేనూ మొదట బుర్ర గోక్కున్నాను. సంగతేంటంటే, మొత్తం ప్రశ్నలు ఒక్కడికే ఇస్తే రోజంతా పడుతుంది, అందుకని ఒక్కొక్కరికీ కొన్నే ఇస్తారు. ఆ జవాబులూ, అతని చదువు, ఉద్యోగం లాంటి వివరాలూ కలిపి, ఇతని స్కోరు ఈ చుట్టుపక్కల ఉండొచ్చు అని పది అంచనాలు తీస్తారు. ఆ పదింటికీ సగటు తీసి ఒక కాలమ్ చేసుకోవద్దు, అందరూ చేసే తప్పు అదే. అలా చేస్తే మనుషుల మధ్య తేడా ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది, లెవెల్స్ శాతాలు తప్పుతాయి. మీ లెక్క పదిసార్లు విడివిడిగా చేసి, చివర్లో వచ్చిన జవాబులకి సగటు తీయండి. వెయిట్ పెట్టడం మర్చిపోకండి, అంటే ఒక్కొక్కరూ దేశంలో ఎంతమంది తరఫున నిలుస్తారో చెప్పే అంకె, ఎందుకంటే అమెరికాలో సర్వేవాళ్లు ఎవరెవరి తలుపు తట్టారో వాళ్లలో ఈసారి మూడో వంతు మంది కూడా పాల్గొనలేదు, వెయిట్ లేకుండా తీసిన సగటు దేశానిది కాదు, తలుపు తీసినవాళ్లది. ఇంత టెన్షన్ ఎందుకు అనుకుంటే వాళ్ల సైట్‌లోనే డేటా ఎక్స్‌ప్లోరర్ ఉంది, ఉచితం, ఇవన్నీ అదే చూసుకుంటుంది.

ఒకటి మాత్రం ఆ టూలూ చెప్పదు. అమెరికాలో ఈ పరీక్ష ఇంగ్లీషులోనే. ఫ్రిస్కోలో కొడుకు దగ్గర గ్రీన్ కార్డు మీద ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారనుకోండి, అరవై రెండేళ్లు, ముప్పై ఏళ్లు తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యారు, ఇంగ్లీషు మాట్లాడలేరు. ఇలాంటివాళ్లని మొదటి విడతలో చాలావరకు స్కోర్ల లెక్కలోంచి వదిలేసేవాళ్లు. ఈసారి కొత్తగా గుమ్మం దగ్గరే చిన్న ఇంటర్వ్యూ పెట్టారు, వయసు, ఆడా మగా, ఎన్నేళ్లు చదువుకున్నారు, ఉద్యోగం, ఎక్కడ పుట్టారు, ఇలాంటివి కొన్నే, పలు భాషల్లో. ఆ కాసిని ముక్కల నుంచే స్కోరు అంచనా కడతారు, అది ఎక్కడో అడుగున పడుతుంది. 2017 పక్కన 2023 పెట్టి గ్రాఫ్ గీసేముందు, ఈ గుమ్మం ఇంటర్వ్యూ వాళ్లని కలిపారా, తీసేశారా అని టేబుల్ కింద చిన్న అక్షరాల్లో వెతకండి. మన మాష్టారు ఆ 28లో ఉన్నారో లేరో తేలేది అక్కడే.