చలికి ట్యూబ్‌లైట్ ఎందుకు మొరాయిస్తుంది?

[దృశ్యం: చీకటి గ్యారేజీ. స్విచ్ వేయగానే ట్యూబ్ చివర్లు ఎర్రబడతాయి, మధ్యలో వెలుగు రాదు.]

గ్యారేజీలో ట్యూబ్ ఇలా కొట్టుకుంటుంటే చాలామంది అది పోయిందనుకుంటారు. తీసి పారేసి కొత్తది తెస్తారు. అదీ ఇలాగే కొట్టుకుంటుంది! దయచేసి తొందరపడి పారేయకండి. లోపల పాదరసం ఉంటుంది, పైగా ట్యూబ్ బాగానే ఉండొచ్చు.

[దృశ్యం: ట్యూబ్ లోపలి బొమ్మ]

గొట్టంలో రవ్వంత పాదరసం, కొంచెం ఆర్గాన్ లాంటి వాయువు ఉంటాయి. పాదరసం ఆవిరి గుండా కరెంటు పారితే అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గాజుకు లోపల ఉన్న తెల్లపూత వాటిని వెలుగుగా మారుస్తుంది. చలి ముదిరితే ఆ ఆవిరి చాలావరకు చల్లబడి గాజు గోడకు చుక్కలుగా అంటుకుంటుంది. ఇక కిరణాలు ఎక్కడివి? అందుకే వెలిగినా మసక మసకగా ఉంటుంది. మామూలు ట్యూబులు చుట్టూ దాదాపు 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు నిండుగా వెలుగుతాయి. సన్నటి టీ5 ట్యూబుకైతే 35 దాకా కావాలి. చల్లటి గ్యారేజీకి అది సరిపడదనే నా అభిప్రాయం.

[దృశ్యం: చోక్ మీది లేబుల్, దగ్గరగా]

అసలు వెలగకపోతే ముందు చోక్ చూడండి. చలిలో ట్యూబ్ వెలగడం మొదలవ్వాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అది ఇవ్వాల్సింది చోకే. ఎంత చలి వరకు స్టార్ట్ చేయగలదో చాలా చోక్‌ల లేబుల్ మీదే రాసి ఉంటుంది. సాధారణ రకాల్లో చాలావాటికి 10 డిగ్రీలు ఉండాలి. చలి కోసం చేసినవి మైనస్ 18 దాకా, కొన్ని మైనస్ 29 దాకా పనిచేస్తాయి. క్రిప్టాన్ అనే వాయువు నింపిన 34 వాట్ల పొదుపు ట్యూబులకు మాత్రం 16 డిగ్రీలైనా ఉండాలి, కాబట్టి అవి ఇక్కడ వద్దు.

చలిగాలి తగలకుండా ట్యూబ్‌కు పారదర్శకమైన తొడుగు వేస్తే దాని వేడి దానికే మిగిలి, వెలుగు కాస్త పెరుగుతుంది. అయితే తొడుగు పనిచేసేది వెలిగాకే. స్టార్ట్ అవ్వడానికి సాయపడదు.

రెండు నిమిషాల పనికి లైటు వేసి ఆర్పేసే గ్యారేజీ అయితే ఎల్‌ఈడీకి మారిపోండి. ట్యూబ్ వేడెక్కేలోపే మీ పని అయిపోతుంది, పైగా మాటిమాటికీ వేసి ఆర్పితే దాని చివర్లు నల్లబడి త్వరగా పోతుంది. ఎల్‌ఈడీకి చలి మేలే చేస్తుంది.

[దృశ్యం: మెయిన్ స్విచ్ ఆపుతున్న చేయి]

కొన్ని ఎల్‌ఈడీ ట్యూబులు పాత చోక్ మీదే నడుస్తాయి. అలాంటివి కొంటే చోక్ గొడవ అలాగే ఉంటుంది. చోక్ తీసేసి నేరుగా కరెంటు ఇచ్చే రకం తీసుకోండి. మెయిన్ ఆపి, వైరింగ్ తెలిసినవాళ్లతోనే చేయించండి. తర్వాత ఫిట్టింగ్ మీద "ఇందులో పాత ట్యూబ్ పెట్టకూడదు" అని స్టిక్కర్ అంటించండి. రేపు తెలియనివాళ్లు ఎవరైనా పెడితే ప్రమాదం.