చెస్సూ చదువూ... రోగాఫ్ కథలో మిగతా సగం

అందరికీ నమస్కారం. చెస్ ప్రైజులిచ్చే ముందు ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు, పిల్లలు అప్పుడే ఆవలిస్తున్నారు కాబట్టి పెద్దవాళ్లతోనే మాట్లాడతా. ఇందాక టీ దగ్గర ఒకావిడ అడిగారు, "సార్, చెస్సూ చదువూ రెండూ కుదురుతాయి కదా, ఆ కెన్నెత్ రోగాఫ్‌కి కుదిరాయిగా" అని. కుదిరాయమ్మా, కాకపోతే కొన్నాళ్లే, తర్వాత ఒకటి వదిలేశాడు.

ఈ రోగాఫ్ అమెరికా ఆర్థికవేత్త, ఒకప్పటి పెద్ద చెస్ ఆటగాడు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ ఆయనది, 1953లో పుట్టాడు. పదహారేళ్లకి హైస్కూల్ వదిలేసి చెస్ ఆడుకుంటూ బతుకుతానని యూరప్ వెళ్లిపోయాడు, మనిళ్లల్లో అయితే ఆ రాత్రి ఏం జరిగేదో నేను చెప్పక్కర్లేదు. ఓ రెండేళ్లయ్యాక మనసు మళ్లి యేల్ యూనివర్సిటీలో చేరాడు, అటునుంచి ఎంఐటీలో పీహెచ్‌డీ. 1975 యూఎస్ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం, 1978లో గ్రాండ్‌మాస్టర్, అంటే చెస్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్. మనవాళ్లు ఇక్కడిదాకే చెప్తారు. టైటిల్ వచ్చిన కొన్నాళ్లకే పోటీలు మానేశాడండీ! చెస్ వ్యసనం లాంటిది, కొంచెం కొంచెం ఆడటం నావల్ల కాదు అన్నట్టే మాట్లాడతాడు ఆయన.

2001 నుంచి 2003 దాకా ఐఎంఎఫ్‌లో, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధిలో, చీఫ్ ఎకనమిస్ట్, ఆ కుర్చీలోకి తర్వాత వచ్చింది మన రఘురామ్ రాజన్.

చెస్ ఆడితే తప్పులు చెయ్యరు అనే మాట మాత్రం నేను నమ్మను, ఎందుకంటే 2010లో కార్మెన్ రైన్‌హార్ట్ అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి ఈయన ఒక పేపర్ రాశాడు, ప్రభుత్వం అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో గ్రోత్ బాగా తక్కువుంది అని, దాన్ని పట్టుకుని రాజకీయ నాయకులు ప్రభుత్వ ఖర్చులు కొయ్యాలని తెగ ప్రచారం చేశారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అని ఒక స్టూడెంట్ వాళ్లనే అడిగి ఆ పేపర్ లెక్కలున్న ఎక్సెల్ షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములా 30వ వరస నుంచి 49 దాకా పోవాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది! ఇరవై దేశాల్లో ఐదు గల్లంతు, అందులో కెనడా, ఆస్ట్రేలియా కూడా. 64 గళ్లు మనసులో పెట్టుకుని ఆడినాయనకి ఐదు వరసలు కనబడలేదు. ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు, మిగతా విమర్శలు ఒప్పుకోలేదు. నవ్వకండి, పోయినేడాది మన పాయింట్ల షీట్‌లో చివరి ఇద్దరు పిల్లల్ని నేనే వదిలేశా, వాళ్లమ్మలు ఇక్కడే ఉన్నారు.

ఇంకొకటి. 2016లో పెద్ద నోట్లు తగ్గించాలని పుస్తకం రాశాడు, కొన్నాళ్లకే మన నోట్ల రద్దు వచ్చింది. ఏటీఎం లైన్లలో నిలబడి ఈయన్ని తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు గానీ, ఆయన చెప్పింది ఏళ్ల తరబడి మెల్లగా చెయ్యమని, మనం రాత్రి ఎనిమిదింటికి చెప్పి అర్ధరాత్రికి చేసేశాం, పైగా రెండు వేల నోటు తెచ్చాం.

ఇంతకీ ఆట మర్చిపోయాడా అంటే, 2012లో మాగ్నస్ కార్ల్‌సన్‌తో ఒక బ్లిట్జ్ గేమ్, అంటే కొన్ని నిమిషాల్లో ముగిసే ఆట, ఆడాడు. కుర్రాడు అప్పటికే వరల్డ్ నంబర్ వన్, ఈయనకి 59 ఏళ్లు. డ్రా చేశాడు!

సరే, అండర్-9 వాళ్లు రండమ్మా, చెప్పులు అక్కడే విడవండి.